సామ్సన్ సార్ రాసిన ఒక మాట

మా ఆదోనిలో పుట్టిన పిల్లలందరికీ ఊహ తెలిసినప్పటి నుంచే డేటా సైన్సు అంటే ప్రాణం. పత్తి యార్డులో బస్తాల మధ్య ఆడుకుంటూనే ఆస్ట్రేలియాలో పరిశోధన చేయాలని కలలు కన్నారు. ఈ మాట నేను కల్పించి చెప్పడం లేదు. నాలుగేళ్ళలో దాదాపు మూడు వందల మంది పిల్లల తరఫున సామ్సన్ సార్ ఇంగ్లీషులో రాశాడు, నేను టైపు చేశాను. విదేశాల్లో చదవాలంటే మార్కుల లిస్టుతో పాటు 'నేను ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నాను' అని రెండు పేజీల ఉత్తరం పెట్టాలి. దాన్ని ఎస్‌ఓపీ అంటారు. పిల్లలే సొంతంగా రాయాలని రూలు. మా ఊళ్ళో మాత్రం సామ్సన్ సార్ రాసేవాడు.

నా పేరు తహసీన్. మునిసిపల్ ఆఫీసు వెనక సందులో నాది జిరాక్సు, డీటీపీ షాపు. పైన మేడ మీద దినేష్ అనేవాడు విదేశీ చదువుల కన్సల్టెన్సీ పెట్టాడు. కింద మెట్ల దగ్గర వాడి ఫ్లెక్సీ. అందులో నల్ల గౌన్లు వేసుకుని టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న పిల్లలు. అందరూ తెల్లవాళ్ళే. మా సందులో కుళాయి నీళ్ళ కోసం నిలబడే వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా అందులో లేదని నేనొకసారి దినేష్‌తో అంటే, మన ముఖాలు పెడితే ఎవరొస్తారక్కా అని నవ్వాడు. వాడి మీద నాకు కోపం అప్పటి నుంచీ ఉంది. అయినా వాడి కాగితాల టైపింగ్ అంతా నాకే వచ్చేది కాబట్టి దిగమింగుకుని ఊరుకునేదాన్ని.

సామ్సన్ సార్ ఆ ఆఫీసులో చీఫ్ కౌన్సిలర్. ఆయన కింద ఇంకే కౌన్సిలరూ లేడు, ఆయనే చీఫ్. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు ఆదోనిలో ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేశాడు. ఏటా జూన్‌లో ఏదో ఒక కాలేజీ చేర్చుకోవడం, ఏప్రిల్‌లో వద్దనడం. పెద్ద కార్పొరేట్ కాలేజీలు వచ్చాక ఆ జూన్ పిలుపులు కూడా ఆగిపోయాయి. అప్పుడు దినేష్ పిలిచి ఒక కుర్చీ, ఒక టై ఇచ్చాడు. ఆ టై ఆయన మే నెల ఎండలో కూడా విప్పేవాడు కాదు. పత్తి సీజన్‌లో మిల్లుల నుంచి ఎగిరొచ్చే పీచు దాని మీద వాలి తెల్లగా కనబడేది. నా షాపు అద్దంలో చూసుకుని గోటితో తీసేసుకునేవాడు.

నేను ఆయన్ని ఎంత వెక్కిరించినా ఒక మాట ఒప్పుకోవాలి. దినేష్‌కు పిల్లలంటే తలలు. తలకింత అని అక్కడి యూనివర్సిటీల నుంచి వాడికి కమీషన్ వస్తుంది. సామ్సన్ సార్ మాత్రం నిజంగా నమ్మాడు. ఆయనది గూడూరు దగ్గర పల్లె. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళు. ఏడో తరగతిలో ఉండగా హాస్టల్ సీటు రాకపోతే ఒక హెడ్‌మాస్టరు ఇంగ్లీషులో అర్జీ రాసిచ్చాడట. కర్నూలులో ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదువుకుని, ఎవరు రాశార్రా ఇంత బాగా అని నవ్వి సీటు ఇచ్చాడట. ఆ రోజు నుంచి సార్‌కు ఒకటే నమ్మకం. పెద్ద ఇంగ్లీషు మాట సరైన చోట పడితే ఎంత గట్టిగా మూసిన తలుపైనా తెరుచుకుంటుందని. ఈ కథ నాకు కనీసం పదిసార్లు చెప్పుంటాడు. విన్న ప్రతిసారీ ఆ ఆఫీసరు ఇంకొంచెం ఎక్కువ నవ్వేవాడు.

నెలకు రెండు మూడు సార్లు ఆయన డిగ్రీ కాలేజీలకు పోయి సదస్సులు పెట్టేవాడు. హొళగుందలో పెడితే పిల్లలు సగం కన్నడంలో ప్రశ్నలు అడిగేవాళ్ళు, ఆయన ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు. కరపత్రాలు మోయడానికి మనిషి దొరక్క ఒకసారి ఎమ్మిగనూరుకు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. హాల్లో ఫ్యాన్లు తిరగడం లేదు. ఆడపిల్లలు కరపత్రాలతో విసురుకుంటూ కూర్చున్నారు. మొదట మామూలుగా అందరూ చెప్పేదే చెప్పాడు. చివర్లో మాత్రం టై ముడి కొంచెం వదులు చేసుకుని, తన భాషలోకి దిగాడు.

"ఈడ మిమ్మల్ని మొదట ఏమడుగుతారు? యా ఊరు, యా పేట, మీ నాయనేం జేస్తాడు. మార్కులు తర్వాతనే. ఆడ అట్ల గాదు. ఆడ మీరు రాసిందే సదువుతారు. మీరేం రాసుకుంటే అదే మీరు. అందుకే పోండి. ఎట్లన్నా జేసి పోండి."

ఆయన పేట ఏదో, ఆయన్ని ఎన్ని కాలేజీల్లో ఎన్నిసార్లు ఆ ప్రశ్న అడిగారో నాకు తెలుసు. హాల్లో చప్పట్లు పెద్దగా పడలేదు. మూడో వరుసలో ఒక సన్నటి పిల్ల మాత్రం విసురుకోవడం మానేసి ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల పేరు మల్లేశ్వరి.

మల్లేశ్వరి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. వాళ్ళ నాయన తిమ్మన్న ఎమ్మిగనూరులో కూలి మగ్గం నేస్తాడు. అంటే కాళ్ళు దించుకుని కూర్చుని నేసే మగ్గం గుంత తన ఇంట్లోనే ఉన్నా, నూలు సావుకారుది, డిజైను సావుకారుది, చీర సావుకారుది. తిమ్మన్నది చీరకు ఇంత అని కూలి మాత్రమే. తల్లి హులిగమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. తమ్ముడు వీరేష్ ఇంటర్ చదువుతున్నాడు. ఆ పిల్ల తర్వాతి వారమే బస్సెక్కి ఆదోనికి వచ్చింది. దినేష్ ఫీజులు చెప్పగానే లేచి నిలబడిందట. సార్ ఆ పిల్ల వెనకాలే మెట్లు దిగి వచ్చి, పోవద్దు కూర్చోమని నా షాపులో స్టూలు వేశాడు.

ఆ రోజు నుంచి ఏడాది పాటు ఆదివారాలు నా షాపు సార్‌కు కాలేజీ అయింది. ఆ పిల్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పించాడు, పరీక్షకు తయారు చేశాడు. పైసా తీసుకోలేదు. ఇంగ్లండులో ఒకప్పుడు బట్టల మిల్లులు ఉన్న ఊళ్ళో ఒక యూనివర్సిటీని వెతికి పట్టుకున్నాడు. అక్కడ రంగుల రసాయన శాస్త్రం చెబుతారు. మన వైపు దేశాల్లో చేతిపని మీద బతికే కూలి కుటుంబాల పిల్లల్లో ఏటా ఒక్కరికి ఫీజు, తిండి, ఉండటం, విమానం ఖర్చు అన్నీ వాళ్ళే పెట్టుకుని చదివిస్తారు. ఒకే ఒక్క సీటు. దాని వల్ల దినేష్‌కు రూపాయి రాదు కాబట్టి వాడు మొహం చిట్లించాడు. సార్ వాడి మాట వినలేదు. ఆయన జీవితంలో యజమాని మాట కాదన్నది ఆ ఒక్కసారే అనుకుంటా. ఆ సీటు వస్తే మల్లేశ్వరి పోతుంది, రాకపోతే పోదు. మధ్యలో ఇంకో దారి లేదని మా ముగ్గురికీ తెలుసు.

డిసెంబరులో ఉత్తరం రాసే రోజు వచ్చింది. మల్లేశ్వరి తనే రాసుకొచ్చింది. రూళ్ళ కాగితం మీద, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు, నాక్కూడా అర్థమయ్యేలా. మా నాయన కూలికి చీరలు నేస్తాడు. ఉతికితే ఎరుపు కారి తెలుపుకు అంటుకుందని షాపువాళ్ళు చీర వెనక్కి పంపితే, రంగు అద్దింది మేం కాకపోయినా కూలి కోస్తారు. రంగు ఎందుకు కారుతుందని చిన్నప్పుడు అడిగితే మా నాయన తనకు తెలియదన్నాడు. కాలేజీలో సగం తెలిసింది. మిగతా సగం మీ దగ్గర తెలుసుకోవాలని ఉంది. అంతే, ఒకటిన్నర పేజీ.

సార్ దాన్ని చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇదేందమ్మా, యూనివర్సిటీకి రాస్తాండావా, రేషన్ కార్డుకు రాస్తాండావా?" అన్నాడు.

పేదరికం చూపిస్తే జాలి పడతారు గానీ గౌరవించరని ఆ పిల్లకు అరగంట పాఠం చెప్పాడు. తర్వాత ఆదివారం తనే ఎమ్మిగనూరు పోయి తిమ్మన్నను చూసొచ్చాడు. తిమ్మన్న పెద్దగా మాట్లాడలేదట. హులిగమ్మే చెప్పిందట, కొత్త మగ్గం బిగించాలన్నా, చీర అంచుకు కొత్త డిజైను ఎక్కించాలన్నా వీధంతా మా ఆయన్నే పిలుస్తారు సార్, ఈయన చెయ్యి పడితే ఇంక తిరుగుండదు, ఇరవై మందికి పైగా ఈయన పక్కనే కూర్చుని పని నేర్చుకున్నారు అని. సార్ మహా సంబరంగా తిరిగొచ్చాడు. కూర్చుని రెండు గంటల్లో కొత్త ఉత్తరం రాశాడు. చిన్నప్పటి నుంచీ ఎనలేని మక్కువ అనే పాత పాట మామూలే. రెండో పేరాలో మాత్రం కొత్త వాక్యం ఉంది. మా నాన్న ఎమ్మిగనూరులో పేరుపొందిన మాస్టర్ వీవర్ అని.

ఆ మాట ఎందుకు రాశాడో నాకు అప్పుడే తెలుసు. సార్ దృష్టిలో మాస్టర్ అనే మాటకు మించిన మాట లేదు. తనకు చదువు చెప్పినవాళ్ళు మాస్టర్లు, తన అర్జీ రాసినవాడు హెడ్‌మాస్టరు. మగ్గం గుంతలో కూర్చున్న తిమ్మన్నను పైకి లేపి తన పక్కన కుర్చీ వేసినట్టు ఆ మాట రాశాడు.

మల్లేశ్వరి నా కంప్యూటర్ తెరలో చదువుతూ అక్కడ ఆగింది.

"సార్, మాస్టర్ వీవర్ అంటే మా సావుకారు సార్. ఆయప్ప ఇంటి ముందర బోర్డు మీద అదే రాసుంటాది. మా నాయన కార్డులో కూలి నేత అని ఉంటాది."

సార్ నవ్వాడు. "అది మీ ఎమ్మిగనూరు ఇంగ్లీషమ్మా. అసలు ఇంగ్లీషులో మాస్టర్ అంటే పని బాగా తెలిసినోడు. ఆడ సదివేటోళ్ళకు అసలు ఇంగ్లీషు తెలుస్తాదిలే."

ఆ పిల్ల నా వైపు చూసింది. నువ్వైనా చెప్పక్కా అంది. అప్పుడు నా షాపు నిండా పింఛను కాగితాల జిరాక్సు కోసం వచ్చిన ముసలివాళ్ళు ఉన్నారు. మిషన్‌లో కాగితం ఇరుక్కుంది. సార్ ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పినాడు, నువ్వు మొన్న నేర్చుకున్నావు, తొందరగా సంతకం పెట్టు అని కసిరాను. ఆ పిల్ల సంతకం పెట్టింది. ఎమ్మిగనూరంతా వాడే మాట, బ్యాంకు వాళ్ళు, చేనేత ఆఫీసు వాళ్ళు వాడే మాట, వీధి బోర్డు మీద ఉన్న మాట. మా ముగ్గురిలో ఆ మాటకు అర్థం తెలిసిన ఒక్క మనిషినీ మేమిద్దరం కలిసి నోరు మూయించాం.

ఫిబ్రవరిలో ఆ యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. కన్సల్టెన్సీలలో ఒక పద్ధతి ఉంది. పిల్లల పేరు మీద మెయిల్ అడ్రసు వాళ్ళే తెరుస్తారు, పాస్‌వర్డు వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారు. పిల్లలకు చదవడం రాదని కాదు, పిల్లలు ఇంకో కన్సల్టెన్సీకి పారిపోకుండా. అందుకని మల్లేశ్వరికి వచ్చిన ఉత్తరాన్ని సార్ నా షాపులో తెరిచాడు. నాలుగు వాక్యాలు. మీ నాన్నగారిని మాస్టర్ వీవర్ అని రాశారు, ఆదాయం సర్టిఫికెట్ చూస్తే అలా లేదు, ఆయన మాస్టర్ వీవరేనా, ఆయన దగ్గర వేరేవాళ్ళు పనిచేస్తారా, వారంలోగా వివరంగా తెలపండి అని అడిగారు.

సార్ ముఖం వెలిగిపోయింది. నేను వేసిన మాట వాళ్ళకు పట్టేసింది చూడు, ఇంకా చెప్పమని అడుగుతున్నారు అన్నాడు. నిలబడే చెప్పసాగాడు, నేను టైపు కొట్టాను. అవును, మా నాన్న ముప్పై ఏళ్ళుగా మాస్టర్ వీవర్. ఆయన కింద ఇరవై మందికి పైగా పనిచేశారు. కళాకారుడి విలువను ఆదాయంతో కొలవలేం. కింద మల్లేశ్వరి పేరు.

పని నేర్చుకున్నారు అనడానికి బదులు పనిచేశారు అని రాశాడు. ఇంగ్లీషులో ఆ మాట గంభీరంగా ఉందన్నాడు. నాకు ఆ పిల్ల డిసెంబరులో అన్న మాట గుర్తొచ్చింది. బాగా గుర్తొచ్చింది. వేళ్ళు ఒక నిమిషం ఆగాయి కూడా. మల్లేశ్వరికి ఒక ఫోను చేసి అడుగుదామా సార్ అంటే సరిపోయేది. అనలేదు. దినేష్ మీద అరవగలను, కుళాయి దగ్గర పదిమందితో పోట్లాడగలను, ఇంగ్లీషు తెలిసిన మనిషికి ఎదురు చెప్పడం మాత్రం నాకు చేతకాదు. పంపు అన్నాడు, పంపాను.

మార్చిలో జవాబు వచ్చింది. ఆ రోజు మల్లేశ్వరి కూడా షాపులోనే ఉంది. సార్ పైకి చదవడం మొదలుపెట్టి, రెండో పేరా దగ్గర గొంతు తగ్గించి, తర్వాత పెదవులతో మాత్రమే చదువుకున్నాడు. తెర నా వైపు తిప్పుకుని నేను చూశాను. చాలా మర్యాదగా రాశారు. మీ దేశపు చేనేత ఊళ్ళలో మేం చాలా ఏళ్ళు పనిచేశాం, మాస్టర్ వీవర్ అంటే కూలివాళ్ళ చేత నేయించే యజమాని అని మాకు తెలుసు. ఈ సాయం అలాంటి యజమానుల దగ్గర కూలికి నేసే కుటుంబాల పిల్లల కోసం. మీ నాన్నగారి కింద ఇరవై మంది పనిచేశారని మీరే ధ్రువపరిచారు కాబట్టి మీ పేరు పరిశీలించలేకపోతున్నాం. ఫీజు కట్టుకుని చేరాలనుకుంటే మాత్రం సీటు ఉంది.

ఎక్కడో ఇంగ్లండులో కూర్చున్న వాళ్ళకు మా ఎమ్మిగనూరు ఇంగ్లీషు తెలిసింది. ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న మాకు తెలియలేదు.

మల్లేశ్వరి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "సార్, ఆ ఇరవై మంది మాట నేను రాయలేదు కదా. నా పేరుతో ఎవరు రాసినారు?" అని మాత్రం అడిగింది. సార్ నా వైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను.

ఆ వారమంతా సార్ అక్కడికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. తప్పు మాదే, మాట తెలియక రాశాం అని. అర్థం చేసుకున్నాం, చింతిస్తున్నాం, సీటు వేరొకరికి ఇచ్చేశాం అని ఒక్క జవాబు వచ్చింది. దినేష్ మాత్రం ఉత్సాహంగా మెట్లు దిగి వచ్చాడు. అప్పు తీసుకుని ఇంకో దేశం పోవచ్చు, పాప తెలివైంది, మీ నాయన పేరున్న నేతగాడు కదా ఎవరైనా ఇస్తారు అన్నాడు. ఆ పిల్ల బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వాడి మీదికి స్టాప్లర్ విసిరాను. తగల్లేదు, ఇప్పటికీ బాధగా ఉంది.

ఏప్రిల్ మొదటి ఆదివారం సార్ నా ఇంటికి వచ్చాడు. తిమ్మన్న దగ్గరికి పోయి తప్పు ఒప్పుకుంటాను, ఒంటరిగా పోలేను, తోడు రమ్మన్నాడు. బస్సులో దారి పొడుగునా ఏం చెప్పాలో నాకు వినిపించాడు. నాదే తప్పు అన్నా, నీ బిడ్డ సరిగ్గా రాసింది, నేను చెడగొట్టినా, అని. మూడుసార్లు చెప్పి చూసుకున్నాడు. మూడుసార్లూ బాగానే వచ్చింది.

వీధిలో అడుగు పెడితే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. తిమ్మన్న గుంతలోంచి లేచి, చేతులు పంచెకు తుడుచుకుని, లోపలి నుంచి కుర్చీ తెచ్చి సార్‌కు వేశాడు. తను నేల మీద కూర్చున్నాడు. హులిగమ్మ రాట్నం ఆపి గోడవారగా నిలబడింది. మల్లేశ్వరి పాలు తేవడానికి బయటికి పోయిందట. తిమ్మన్నకు కోపం లేదు. ఉంటే బాగుండేది. మా పాపకు ఏడాది పాఠం చెప్పినారు, మీ రుణం ఎట్ల తీర్చుకోవాల అని మొదలుపెట్టాడు. సార్ గొంతు సవరించుకున్నాడు.

"ఏమని రాసినారు సార్ నా గురించి?" అని తిమ్మన్నే అడిగాడు. "పాప ఏందో సెప్పింది, నాకు తెలియలే. మాస్టర్ అనో ఏందో."

"మంచి పనోడని రాసినా అన్నా. నీయంత పనోడు లేడని."

ఎగతాళి లేదు తిమ్మన్న గొంతులో, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నాకు పని బాగా వస్తాదని ఇయ్యలేదా సార్?"

ఇక్కడే చెప్పాలి. బస్సులో మూడుసార్లు చెప్పిన మాట. సార్ నోరు తెరిచాడు, నా వైపు చూశాడు, టై మీద చెయ్యి వేసుకున్నాడు.

"అవునన్నా," అన్నాడు. "వాళ్ళ రూలు అట్లుంది."

తిమ్మన్న తల తిప్పి భార్యను చూశాడు. "ఇన్నావా? నీవే కదా సార్‌కు సెప్పింది," అన్నాడు, మెల్లగానే. హులిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను ఆ ఇంట్లో, ఆ మనుషుల ముందు, తెలుగులో, నా సొంత భాషలాగే మాట్లాడే భాషలో, కాదన్నా అది కాదు అనలేకపోయాను. మల్లేశ్వరి పాలు తీసుకుని వచ్చేలోపల మేం లేచాం. టీ తాగి పొమ్మని తిమ్మన్న గడప దాకా వచ్చి బతిమాలాడు.

తిరుగు బస్సులో నేను ఆయన్ని కడిగేశాను. ఇంగ్లీషులో మీరు తెలియక తప్పు రాసినారు సార్, తెలుగులో తెలిసి అబద్ధం చెప్పినారు, ఏది పెద్ద తప్పో మీకే తెలియాల అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, నువ్వూ ఉన్నావు కదమ్మా, నువ్వు చెప్పొచ్చు కదా అన్నాడు.

ఆ తర్వాత సార్ సదస్సులకు పోవడం తగ్గించాడు. జూన్‌లో మానేశాడు. దినేష్ బాధపడలేదు. ఇప్పుడు ఎస్‌ఓపీలు ఫోనే రాసి పెడుతోంది, మనిషెందుకు అన్నాడు. ఆ ఫోను రాసే ఉత్తరాలు కూడా చిన్నప్పటి నుంచీ ఎనలేని మక్కువతోనే మొదలవుతాయి. సార్ గూడూరు వైపు సొంతూరికి పోయాడు. అక్కడ చిన్న ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాడని విన్నాను. చెడ్డవాడు కాదు. నాలుగేళ్ళలో నేను చూసిన వాళ్ళలో పిల్లల మంచి కోరింది ఆయన ఒక్కడే. అదే నాకు మింగుడుపడదు. దినేష్ చేసి ఉంటే వాణ్ణి తిట్టుకుని నిద్రపోయేదాన్ని.

మల్లేశ్వరి ఇప్పుడు ఆదోనిలోనే ఒక పత్తిగింజల నూనె మిల్లులో ల్యాబులో పనిచేస్తుంది. రోజూ బస్సులో వచ్చి పోతుంది. నాతో మాట్లాడటం మానలేదు. సాయంత్రం బస్సు ఆలస్యమైతే నా షాపులోనే కూర్చుంటుంది. ఇంగ్లండు సంగతి మాత్రం ఎత్తదు. మొన్న ఒక్కసారి వాళ్ళ నాయన గురించి చెప్పింది.

పోయిన నెల చేనేత ఆఫీసు వాళ్ళు వీధికి వచ్చారట. కొత్త రకం మగ్గాల మీద పని నేర్పడానికి ఊళ్ళో మంచి పనివాడు ఒకడు కావాలన్నారట. జీతం ఇస్తారు, గుర్తింపు కార్డు ఇస్తారు. వీధి వీధంతా తిమ్మన్న ఇల్లు చూపించింది. అప్పటికే తిమ్మన్న ఎవరింట్లోనూ మగ్గం బిగించడం మానేసి ఏడాది దాటింది. ఎవరు పిలిచినా నాకంత తెల్దప్పా అని పంపించేస్తున్నాడట. వీరేష్ డిగ్రీలో చేరాడు, వాడూ రేపు ఎక్కడికో అర్జీ పెట్టుకుంటాడు, మళ్ళీ తన పని అడ్డం వస్తుందని భయం.

మల్లేశ్వరి ఎన్నిసార్లు విడమరిచి చెప్పిందో లెక్క లేదంది. నీ పని వల్ల కాదు నాయనా, ఒక మాట తప్పు పడినందుకు అని. ఆయన వినడట. నీకేం తెల్దు పాపా, అంత సదువుకున్న సార్ ఇంటిదాకా వచ్చి, నా ముందర కూర్చోని మరీ సెప్పినాడు, అంటాడట.

ఆఫీసు వాళ్ళు కాగితం, పెన్ను పట్టుకుని గడపలో నిలబడితే తిమ్మన్న మగ్గం గుంతలోంచి లేవకుండానే జవాబు చెప్పాడట.

"రాసుకోండి సార్. తిమ్మన్నకు పని రాదు."